"ఇదేం పాటండీ?" పరభాషా పాటల గురించి అపోహలు, వాస్తవాలు

రేడియోలో ఇంగ్లిష్ కాని భాషల పాటలతో కార్యక్రమం చేయడం నా పని. శ్రోతలు పంపే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉంటాయి. చిన్న క్లిప్ ఒకటి, దాని కింద ప్రశ్న: "ఇదేం పాటండీ? ఎంత వెతికినా దొరకడం లేదు." వాళ్లకు ఆ క్లిప్ పంపినవాళ్లు పాడిందెవరో రాయరు, భాషేదో రాయరు. రాసినా తప్పే రాస్తారు. ఇదంతా ఒక్క అపోహ వల్ల జరుగుతోంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: పాట బాగుంటే చాలు, పేర్లతో పనేముంది? కావాలనుకున్నవాళ్లు వాళ్లే వెతుక్కుంటారు.

వెతుక్కోలేరు. తెలిసిన భాషలో పాటైతే పల్లవిలో ఒక్క ముక్క గుర్తున్నా టైప్ చేసి పట్టుకోవచ్చు. తెలియని భాషలో ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకో మాట ఎక్కడ మొదలైందో కూడా చెవికి అందదు. విన్నది ఏ లిపిలో రాయాలో అసలే తెలియదు. అప్పుడు గాయకుల పేరు, పాట పేరు, భాష, ఈ మూడే దిక్కు. అవి తీసేసి పంపితే ఆ పాట ఆ ఫోన్‌లోనే ఆగిపోతుంది. విన్నవాళ్లకు ఎంత నచ్చినా అదే గొంతులో రెండో పాట వినే దారి ఉండదు.

"యాప్ ఉందిగా, ఇట్టే పట్టేస్తుంది" అంటారు. షజామ్ లాంటి యాప్‌లు గుర్తుపట్టేది రికార్డింగ్‌ను. ధ్వనిలో బలంగా ఉన్న చోట్లన్నీ గుర్తించి, ఆ అమరికను వేలిముద్రలా తీసుకుని, తమ దగ్గరున్న లక్షల ముద్రలతో పోల్చి చూస్తాయి. అదే గాయని అదే పాటను వేదిక మీద పాడితే దాని ముద్ర వేరు. ఎవరో ఇంట్లో కూర్చుని పాడుకున్నదైతే ఆ జాబితాలోనే ఉండదు. ఇక వేగం పెంచి వదులుతున్న క్లిప్పుల్లో శ్రుతి, లయ రెండూ మారిపోతాయి కాబట్టి యాప్ తరచూ చేతులెత్తేస్తుంది. అది దొరకలేదని చెబితే పాటే లేదని అర్థం కాదు.

ఒకావిడ నాకు పంపిన క్లిప్ మీద "అరబిక్ జోలపాట" అని ఉంది. వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నిద్ర పట్టక రాత్రిళ్లు అదే వినేవారట. ఆయన పోయాక ఆవిడకు పూర్తి పాట వినాలనిపించింది. అరబిక్ జోలపాటలన్నీ నెలల తరబడి జల్లెడ పట్టారు. "నాకు వెతకడం చేతకావడం లేదేమోనండీ" అని ఆవిడ బాధపడుతుంటే, ఆ రెండు మాటలు తోచినట్టు తగిలించినవాళ్ల మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. క్లిప్‌లో గొంతు మరీ సన్నగా, చిన్నపిల్ల పాడినట్టుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. వేగం తగ్గించి చూస్తే నడివయసు స్త్రీ గొంతు బయటపడింది, వెనక తీగవాద్యం విడిగా వినిపించింది. అరబిక్ మాతృభాషగా ఉన్న మిత్రుడికి వినిపించాను. మొదటి లైన్ అవగానే "ఇది మాది కాదు, టర్కిష్‌లా ఉంది" అన్నాడు. టర్కిష్ తెలిసినావిడను అడిగితే "మా భాష కాదు గానీ నాకు చాలావరకు తెలుస్తోంది, అజర్‌బైజానీ అయ్యుంటుంది" అని, పాట పేరు కూడా తనే చెప్పారు: 'సారీ గెలిన్'. అది జోలపాట కానే కాదు. మనసిచ్చిన అమ్మాయిని తనకిచ్చి పెళ్లి చేయరని కుమిలిపోయే జానపద గీతం. భాష తెలిశాక ఆ గాయని రికార్డింగ్ పట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఇదే పాటను టర్కీలో, అజర్‌బైజాన్‌లో, ఆర్మేనియాలో, ఇరాన్‌లో ఎవరి మాటలతో వాళ్లు పాడుకుంటారు. మాదంటే మాదని వాదనలూ ఉన్నాయి. పాట పంచుకునేవాళ్లు ఆ తీర్పు చెప్పాల్సిన పనిలేదు. "అజర్‌బైజానీ భాషలో, ఫలానా గాయని పాడినది" అని రాస్తే సరిపోతుంది.

పేరు పోతే నష్టపోయేది శ్రోత ఒక్కరే కాదు. 1939లో జొహానెస్‌బర్గ్‌లో సాలమన్ లిండా తన బృందంతో కలిసి 'ఎంబూబె' అనే జులూ పాట రికార్డు చేశారు. దాని హక్కులకు ఆయన చేతికొచ్చింది 10 షిల్లింగులు. ఆ బాణీయే ఇంగ్లిష్ మాటలు తొడుక్కుని, 'ద లయన్ స్లీప్స్ టునైట్' పేరుతో 1961లో అమెరికాలో నంబర్ వన్ అయింది. లిండా ఆ మరుసటి ఏడాది పేదరికంలోనే చనిపోయారు. ఆయన కూతుళ్లు కోర్టుకెక్కాక, 2006లో రాజీ కుదిరి వాళ్లకు వాటా దక్కింది. ఆ బాణీ వినగానే గుర్తుపట్టేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. లిండా పేరు చెప్పమంటే ఎంతమంది చెబుతారు? 1989లో ఊరూవాడా ఊపేసిన 'లంబాడా' పాట కథా ఇంతే. అది బొలీవియా బృందం లోస్ క్యార్కాస్ అంతకు ముందే స్పానిష్‌లో పాడిన పాట బాణీ. వాళ్లూ కోర్టుకు వెళ్లి నెగ్గాల్సి వచ్చింది. మనం పంపే మెసేజ్‌లో ఒక పేరు రాసినంత మాత్రాన ఎవరి ఇంటికీ డబ్బు చేరిపోదు, నిజమే. కానీ పేరు చెరిపేసే పని మన చేత్తో మనం చేయడం ఎందుకు?

పేరును దాని సొంత లిపిలో కూడా జత చేస్తే ఇంకా మేలు. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు 'యు'తో, ఒకరు 'ఓ'తో, ఫ్రెంచ్ అలవాటున్నవాళ్లు 'ఓయూ'తో మొదలుపెడతారు. మధ్యలో 'టీహెచ్' రాసేవాళ్లు కొందరు, 'ఎస్' రాసేవాళ్లు కొందరు. ఒక స్పెల్లింగ్‌తో కనపడని రికార్డింగులు అరబిక్ లిపిలో వెతికితే వరసగా వచ్చేస్తాయి. ఆ లిపి టైప్ చేయడం రాకపోయినా ఇబ్బంది లేదు. వికీపీడియాలో ఆవిడ పేజీ తెరిస్తే మొదట్లోనే పేరు అరబిక్‌లో ఉంటుంది, కాపీ చేసి వెతకడమే. జపనీస్‌కీ, కొరియన్‌కీ, పర్షియన్‌కీ, రష్యన్‌కీ ఇదే దారి.

అపోహ: భాష రాకపోతే పాట వినడం దండగ.

1963లో క్యూ సకమోటో జపనీస్‌లో పాడిన పాట అమెరికాలో 3 వారాలు మొదటి స్థానంలో ఉంది. విదేశాల్లో దానికి తగిలించిన 'సుకియాకీ' అన్న పేరు ఒక మాంసం వంటకానిది, పాటతో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా జనం విన్నారు. ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ 2002లో తెచ్చిన ఆల్బమ్‌లో అర్థమున్న భాషే లేదు, అన్నీ గొంతు కోసం అల్లుకున్న శబ్దాలే. అర్థం తెలిస్తే రుచి పెరుగుతుంది, కాదనను. అది తెలిసేదాకా ఆగక్కర్లేదు. కాకపోతే పదిమందిలో, శుభకార్యంలో వేసే పాటైతే అది శోకగీతమో ప్రార్థనో కాదని ముందే ఒకసారి ఆ భాషవాళ్లను అడగండి. యంత్రం ఇచ్చే అనువాదం ఇలాంటి చోట నమ్మదగ్గది కాదు.

అపోహ: మంచి పాటైతే మనం పాటలు వినే యాప్ దానంతటదే మన ముందుకు తెస్తుంది.

యాప్ తెచ్చేది మీరు విన్నవాటికి దగ్గరగా ఉన్నవాటిని. ఎన్నడూ వినని భాష వైపు అది మిమ్మల్ని నెట్టడం అరుదు. మికి మత్సుబారా 1979లో పాడిన జపనీస్ పాట 2020 చివర్లో దేశదేశాల్లో మోగిందంటే, దాని వెనక మనుషులున్నారు. ఇండోనేషియా గాయని రైనిచ్ దాన్ని తిరిగి పాడింది. జపాన్ తల్లులున్న పిల్లలు అమ్మకు వినిపించి, ఆ ముఖంలో వెలుగును వీడియో తీసి పెట్టారు. కొత్త భాష రుచి చూడాలంటే రేడియో గార్డెన్ అనే వెబ్‌సైట్ తెరిచి గ్లోబు మీద ఏదో ఒక ఊరిని నొక్కండి, అక్కడి స్టేషన్ అప్పటికప్పుడు వినిపిస్తుంది. ఇంకాస్త లోతు కావాలంటే స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ అనే అమెరికా సంస్థ రికార్డులు వినండి. ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడతారు అన్న వివరాల పుస్తకాలను వాళ్లు ఉచితంగా ఇస్తారు.

అపోహ: 'వరల్డ్ మ్యూజిక్' ఒక శైలి.

కాదు. 1987లో లండన్‌లో కొన్ని చిన్న రికార్డు కంపెనీలవాళ్లు కూర్చుని, దుకాణాల్లో ఈ రికార్డులు పెట్టడానికి ఒక అర ఉండాలని ఎంచుకున్న పేరది. ఖవ్వాలీకీ, ఆఫ్రికా పక్కనున్న కేప్ వెర్డే దీవుల్లో పాడే మోర్నాకీ పోలికేముంది?

అపోహ: ఫైల్ పంపినా లింక్ పంపినా ఒకటే.

లింక్‌తో పాటు పేరు వెళ్తుంది, ఫైల్‌కు 'ఆడియో 0047' అని ఉంటుంది. పైగా స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే అది ఒక స్ట్రీమ్‌గా లెక్కకొస్తుంది. 2024 నుంచి, ఏడాదిలో 1000 స్ట్రీమ్‌లు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీయే లేదు. చిన్న భాషల గాయకులకు ఆ గీత దాటడం పెద్ద విషయం. మీ స్నేహితులు పదిమంది లింక్ నొక్కి విన్నా ఆ లెక్కలో పడుతుంది.

చివరగా, తరచూ వినే భయం ఒకటి: "నాకు ఆ పేర్లు నోరు తిరగవు, తప్పు పలికితే ఆ భాషవాళ్లు నొచ్చుకోరా?" దీనికి టెన్షన్ పడకండి. నా కార్యక్రమంలో వియత్నామీ పేర్లు చదవాల్సి వచ్చినప్పుడు ఆ భాషవాళ్ల దగ్గర రికార్డు చేయించుకుని, విని, పలుకుతాను. అయినా స్వరం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. ఆ భాష శ్రోతలు ఫోన్ చేసి, రెండుసార్లు పలికి చూపించి, ఆ వెంటనే ఇంకో నాలుగు పాటల పేర్లు చెబుతారు. వాటిలో కొన్ని తర్వాతి వారం వేస్తాను.