కొండను నీళ్లతో కోద్దామనుకున్నారు

సియాటిల్‌లో ఐ-5 హైవే మీద దక్షిణంగా వెళ్తుంటే, స్పోకేన్ స్ట్రీట్ దగ్గర ఎడమవైపు బీకన్ హిల్‌ను ఎవరో కత్తితో కోసినట్టు ఒక గండి కనిపిస్తుంది. ఇప్పుడు అందులోంచి కొలంబియన్ వే రోడ్డు కొండెక్కుతోంది. ఉద్యోగాలకని ఆ ఊరు చేరిన మన తెలుగువాళ్లలో చాలామంది ఆ దారినే పోయి ఉంటారు. ఆ గండిని కొట్టడం మొదలుపెట్టింది మాత్రం ఓడల కోసం.

ఊరికి పడమట ఎలియట్ బే, ఉప్పునీరు. తూర్పున వాషింగ్టన్ సరస్సు, మంచినీరు. మధ్యలో కొండ. దాన్ని చీల్చి కాలువ తవ్వుతానని ముందుకొచ్చినవాడు యూజీన్ సెంపుల్, 1887 నుంచి 1889 దాకా వాషింగ్టన్ టెరిటరీకి (రాష్ట్రం కాకముందు ఆ ప్రాంతానికి ఉన్న పేరు) గవర్నర్‌గా చేసిన మనిషి. కాలువలో తవ్విన మట్టితో సముద్రపు ఒడ్డున ఉన్న బురద నేలలను పూడ్చాలి, అలా తేలిన భూమి మీద పెట్టుబడి, లాభం రాబట్టుకోవాలి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నాకైతే ఇందులో తెలివితక్కువతనం ఏమీ కనబడదు. 1895 జులై 29న పని మొదలైంది. డ్రెడ్జర్లు అడుగు నుంచి తోడిన బురద గొట్టాల్లో ప్రవహించి, గట్ల మధ్య పేరుకుని, నేలగా మారింది. అక్కడివరకు అంతా సాఫీగానే సాగింది.

చిక్కంతా కొండ దగ్గర వచ్చింది. కాలిఫోర్నియా బంగారు గనుల్లో వాడిన పద్ధతినే 1901లో ఇక్కడా ఎత్తుకున్నారు. పెద్ద నాజిల్‌లోంచి నీటిని విపరీతమైన ఒత్తిడితో కొండ మీదికి కొడితే, మట్టి కరిగి బురదై దానంతటదే పల్లానికి జారుతుంది.

కానీ ఆ కొండ లోపల ఏముందో చూడాలి. సుమారు 17 వేల ఏళ్ల కిందట సియాటిల్ మీద 900 మీటర్ల మందాన మంచు ఉండేది. ఆ మంచు ఉత్తరం నుంచి ముందుకు వస్తున్న కాలంలో, దాని ఎదుట నిలిచిన సరస్సు అడుగున మెత్తటి బంకమట్టి పేరుకుంది. దాని మీద వాగులు ఇసుక పరిచాయి. ఇది ఎంత ప్రమాదమో ఇంట్లోనే చూడొచ్చు. ఒక పళ్లెంలో బంకమట్టి మెత్తి, పైన ఇసుక పోసి, కాస్త వాల్చి, నెమ్మదిగా నీళ్లు పోయండి. నీరు ఇసుకలోంచి చకచకా దిగుతుంది, బంకమట్టి దగ్గర ఆగుతుంది, ఇక పక్కకే పోవాలి. ఇసుక రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, వాటి మధ్య పట్టు సడలుతుంది. కాసేపటికి ఇసుక మొత్తం ఒక్కసారిగా జారిపోతుంది. సియాటిల్‌లో ఇప్పటికీ వానాకాలంలో విరిగిపడే చరియల్లో చాలావాటి కథ ఇదే. అలాంటి కొండలోకి సెంపుల్ మనుషులు నీళ్లు కొట్టారు, అదీ కింది ఆనుడు తీసేస్తూ. తవ్విన చోట పైనుంచి మట్టి విరిగి పడుతూనే ఉంది.

మరోవైపు, కాలువ ఉత్తరాన రావాలని పట్టుబట్టిన బలమైన వర్గం ఒకటి ఉంది. చివరికి నగరం ఈ పనికి ఇస్తున్న నీటి సరఫరా ఆపేసింది. 1905లో సెంపుల్ కంపెనీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

కాలువ మాత్రం 1917లో ఉత్తరాన తెరుచుకుంది, ప్రభుత్వం తవ్వగా. దానికోసం సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు దించారు. దాంతో సరస్సు నుంచి దక్షిణాన పారే బ్లాక్ రివర్ ఎండిపోయింది. ఆ ఏటి చేపల మీద బతికిన అక్కడి మూలవాసులు డువామిష్ ప్రజల నష్టం ఏ లెక్కలోకీ రాలేదు. ఇది తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

సెంపుల్ మొదలుపెట్టిన పూడిక పని మాత్రం ఆయన తర్వాతా సాగింది. 1909కి అలా పూడ్చి లేపిన కృత్రిమ దీవి హార్బర్ ఐలాండ్ పూర్తయింది. ఈ రోజు ఊరి రేవు, గోదాములు, స్టేడియాలు ఉన్నది చాలావరకు అలా పూడ్చిన నేల మీదే. అయితే నీళ్లతో కలిపి పోసిన వదులు మట్టి ఎన్నేళ్లయినా గట్టి నేల కాలేదు. 2001 ఫిబ్రవరి 28న 6.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, అక్కడ నేల కింది ఇసుక నీటితో కలిసి ద్రవంలా మారి, పగుళ్లలోంచి బుడబుడమంటూ పైకి ఉబికింది.