బ్లాక్‌హోల్‌లోకి వాయువు ఊరికే పడిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బ్లాక్‌హోల్ చుట్టూ వాయువు ఎలా తిరుగుతుందో, ఎలా లోపలికి జారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లూ హైస్కూల్ పిల్లలూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు. అన్నీ మంచి ప్రశ్నలే, అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

అపోహ: బ్లాక్‌హోల్ చుట్టుపక్కల ఉన్నదంతా పీల్చేస్తుంది.

"అదేటి, మన భూమిని కూడా లాగేస్తదేటి?" అని మా అత్తయ్య అడిగింది. లాగేయదు అత్తయ్యా. సూర్యుణ్ణి తీసేసి సరిగ్గా అంతే ద్రవ్యరాశి ఉన్న బ్లాక్‌హోల్‌ని అక్కడ పెట్టామనుకోండి, దాని వ్యాసార్థం 3 కిలోమీటర్లే ఉంటుంది. మనకి వెలుతురు పోతుంది, చలి పట్టుకుంటుంది, కానీ భూమి మాత్రం ఇప్పుడు తిరుగుతున్న దారిలోనే తిరుగుతుంది. వాయువు సంగతీ అంతే. దూరం నుంచి వచ్చే వాయువుకి ఎంతో కొంత తిరుగుడు ఉంటుంది (పాఠాల్లో కోణీయ ద్రవ్యవేగం అంటారు), అది వదిలించుకోనంతవరకూ ఎంత లాగినా చుట్టూ తిరుగుతుందే తప్ప లోపలికి పోదు. మరి ఆ తిరుగుడుని తీసేదెవరు? మా రంగంలో దశాబ్దాల పాటు తేలని ప్రశ్న ఇది.

అపోహ: వాయువు ఒకదానికొకటి రాసుకుని, నాగావళి సుడిలో ఆకులాగా మెల్లగా లోపలికి పోతుంది.

వినడానికి బాగుంటుంది, లెక్క మాత్రం కుదరదు. అంత పలచని వాయువులో మామూలు రాపిడి ఎంత తక్కువంటే, దాని మీదే ఆధారపడితే విశ్వం వయసు కూడా చాలదు. 1973లో షకురా, సున్యాయెవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు "ఏదో ఒక రాపిడి ఉంది" అనుకుని ఆ తెలియనిదాన్ని ఒక్క అంకెలో పెట్టి లెక్కలు కట్టారు. ఆ లెక్కలు ఇప్పటికీ వాడుతున్నాం. కానీ ఆ అంకె వెనక ఉన్నదేమిటో 1991లో బాల్బస్, హాలీ చూపించారు: అయస్కాంత క్షేత్రం.

ఇది పిల్లలకి చెప్పాలంటే నాకు పొందూరు దారమే గుర్తొస్తుంది. రెండు వాయువు ముద్దలున్నాయి, ఒకటి కొంచెం లోపల, ఇంకొకటి కొంచెం బయట, రెండిటినీ కలుపుతూ సాగే దారం ఒకటి. లోపలిది వేగంగా తిరుగుతుంది (బుధుడికి చుట్టు తిరగడానికి 88 రోజులు, మనకి 365, అలాగన్నమాట), కాబట్టి దారం సాగుతుంది. సాగిన దారం లోపలిదాన్ని వెనక్కి లాగుతుంది, బయటిదాన్ని ముందుకి లాగుతుంది. వెనక్కి లాగబడ్డ ముద్ద తిరుగుడు పోగొట్టుకుని ఇంకా లోపలికి దిగుతుంది, అక్కడ ఇంకా వేగంగా తిరగాల్సి వస్తుంది, దారం ఇంకా సాగుతుంది. బయటిది ఆ తిరుగుడంతా తీసుకుని దూరం జరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తానే పెరిగిపోతుంది, వాయువంతా అల్లకల్లోలం అవుతుంది, ఆ అల్లకల్లోలమే వాయువుని లోపలికి చేరుస్తుంది. ఈ దారాలు తెగి మళ్లీ వేరే చోట అతుక్కుంటాయి కూడా, అలా అతుక్కున్న చోట వాయువు బాగా వేడెక్కుతుంది.

అపోహ: దానికి మహా బలమైన అయస్కాంతం కావాలి.

అక్కర్లేదు, మొదట్లో బలహీనంగా ఉంటేనే పని జరుగుతుంది. దారం మరీ బిగుతుగా ఉంటే సాగదు కదా, రెండు ముద్దల్నీ కట్టిపడేస్తుంది. ఎమ్87 గెలాక్సీ మధ్యలో 650 కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి ఉన్న బ్లాక్‌హోల్ దగ్గర క్షేత్రం 1 నుంచి 30 గాస్ (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుందని అంచనా. భూమిది సుమారు అర గాస్. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతమే ఎమ్87 దగ్గరి క్షేత్రం కంటే బలంగా ఉండొచ్చు. అక్కడి వాయువు పలచన కాబట్టి ఆ కొంచెమే దాన్ని నిలువరించగలుగుతుంది.

ఈ అయస్కాంతం బ్లాక్‌హోల్‌ది అనుకోకండి. బయటి నుంచి వాయువు మోసుకొచ్చిందే.

అపోహ: వాయువు ఎంత వేడిగా ఉంటే అంత వెలుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. మన పాలపుంత మధ్యలో 40 లక్షలకి పైగా సూర్యుళ్ల ద్రవ్యరాశి ఉన్న సాజిటేరియస్ ఎ* అనే బ్లాక్‌హోల్ ఉంది. దాని దగ్గర వాయువు వేల కోట్ల డిగ్రీల వేడి. అయినా అది మొత్తంగా ఇచ్చే వెలుగు సూర్యుడి వెలుగుకి కొన్ని వందల రెట్లు మాత్రమే. ఎందుకంటే మా భాషలో చల్లబడటం అంటే వేడిని వెలుగుగా మార్చి బయటికి పంపేయడం. వేడి ఉన్నా పంపే దారి లేకపోతే వెలుగు ఎక్కడినుంచి వస్తుంది?

వెలుగునిచ్చేవి ఎలక్ట్రాన్లు, వేడిలో ఎక్కువ వాటా పట్టుకుని కూర్చునేవి ప్రోటాన్లు. ప్రోటాన్ తన వేడిని ఎలక్ట్రాన్‌కి ఇవ్వాలంటే రెండూ తగులుకోవాలి. రథసప్తమికి అరసవల్లిలో ఎవరికీ తగలకుండా నడవగలరా? మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే ఎవరూ తగలరు. చిక్కని వాయువు రథసప్తమి లాంటిది: తగులుకుంటుంది, వేడి పంచుకుంటుంది, వెలుగుతుంది, చల్లబడుతుంది. పలచని వాయువులో ప్రోటాన్లు ఆ వేడితోనే లోపలికి పోతాయి.

దీన్నిబట్టే ఆకారం మారిపోతుంది. వేడి పోని వాయువు పూరీలా పొంగి ఉంటుంది. వేడి పోగొట్టుకున్నది పూరీ అణిగినట్టు అణిగి పలచని పళ్లెం అవుతుంది. ఆ "చల్లని" పళ్లెం కూడా, 10 సూర్యుళ్ల బ్లాక్‌హోల్ చుట్టూ అయితే, కోటి డిగ్రీల దాకా ఉంటుంది! వాయువు అణిగితే అందులోని అయస్కాంత దారాలు కూడా దగ్గరికి నొక్కుకుని బలపడతాయి, అప్పుడు వాయువు ఒత్తిడి కంటే వాటి ఒత్తిడే పైచేయి అయి పళ్లెం మరీ అణగకుండా ఆపవచ్చు. చల్లబడటాన్ని, అయస్కాంతాన్ని విడివిడిగా లెక్కగడితే ఈ సంగతి దొరకదు, అందుకే రెండూ కలిపి నడిపించాలని పట్టుబడతాను, కంప్యూటర్‌కి వారాలు పట్టినా సరే.

అపోహ: జెట్లు (బ్లాక్‌హోల్ దగ్గర్నుంచి దూసుకుపోయే సన్నని ధారలు) బ్లాక్‌హోల్ లోపలి నుంచి వస్తాయి.

లోపలి నుంచి ఏదీ రాదు. తిరిగే బ్లాక్‌హోల్ తన చుట్టూ ఉన్న స్థలాన్నే తిప్పుతుంది, అక్కడ గుచ్చుకున్న అయస్కాంత దారాలు మెలితిరిగి దాని భ్రమణ శక్తిని బయటికి మోసుకొస్తాయి. 1977లో బ్లాండ్‌ఫోర్డ్, జ్‌నాయెక్ చెప్పిన సంగతి ఇది. ఎమ్87 జెట్ దాదాపు 5,000 కాంతి సంవత్సరాల పొడవు.

అపోహ: ఇదంతా ఊహ, చూసినవాళ్లు లేరు.

వెలుగు ధ్రువణాన్ని (వెలుగు తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయన్నది) కొలిస్తే అయస్కాంత దారాల అమరిక తెలుస్తుంది. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం ఎమ్87 బ్లాక్‌హోల్ చుట్టూ ఉన్న ధ్రువణాన్ని 2021లో, మన గెలాక్సీ దాని ధ్రువణాన్ని 2024లో చూపించింది. ద్రవ్యరాశిలో 1,500 రెట్ల తేడా ఉన్నా రెండిటి చుట్టూ ఒకేలాంటి సుడి. మరి ఎమ్87కి అంత జెట్ ఉండి, మన దానికి స్పష్టంగా ఏమీ కనిపించదెందుకు? ప్రస్తుతం నా కంప్యూటర్‌లో నడుస్తున్న లెక్క అదే.