సెయింట్ పీటర్స్‌బర్గ్ పందెం: అంతులేని సగటు, పదహారు రూపాయల విలువ

బొమ్మ పడేదాకా నాణెం ఎగరేస్తారు. మొదటిసారే పడితే రూపాయి ఇస్తారు, రెండోసారి పడితే రెండు, మూడోసారి నాలుగు, ఇలా రెట్టింపవుతూ పోతుంది. ఈ ఆటలోకి దిగడానికి ఎంత కట్టవచ్చు?

సంభావ్యతను రాబడితో గుణించి కూడితే 1/2×1, 1/4×2, 1/8×4... ప్రతి మెట్టులోనూ అర్ధ రూపాయే. మెట్లకు అంతు లేదు కనుక సగటుకూ అంతు లేదు. అంటే ఆస్తి మొత్తం కట్టినా లాభమే అనాలి. కానీ నాలుగింట మూడు ఆటల్లో చేతికొచ్చేది రెండు రూపాయలకు మించదు.

1713లో స్విస్ గణితజ్ఞుడు నికోలస్ బెర్నూలీ ఈ చిక్కును పాచికల రూపంలో ఫ్రెంచి గణితజ్ఞుడు మోంట్‌మోర్‌కు రాశాడు. నాణెంతో తేలిక చేసింది మరో స్విస్ గణితజ్ఞుడు గాబ్రియెల్ క్రామర్, 1728లో. ఒకటి రెండు కోట్లు వచ్చినా, అంతకు మించి వచ్చినా మనిషికి తేడా తెలియదనుకుని, 2 ఘాతం 24 (1,67,77,216) దగ్గర హద్దు పెట్టాడు. సగటు 13కి దిగింది. ఆట నడిపేవాడి దగ్గర వంద కోట్లే ఉన్నాయనుకున్నా ఇదే లెక్క వర్తిస్తుంది: విలువ 16 రూపాయల లోపే. అతని సొమ్ము రెండింతలైతే పెరిగేది అర్ధ రూపాయి.

ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బఫన్ ఒక పిల్లవాడి చేత 2,048 ఆటలు ఆడించాడు. మొత్తం రాబడి 10,057, అంటే ఆటకు 5 కంటే తక్కువ. దీన్ని చూసి అసలు విలువ 5 అనుకోవడం పొరపాటు. పది లక్షల ఆటలాడితే సగటు సుమారు 10కి చేరుతుంది. ఎన్ని ఆడినా ఒకచోట నిలవదు.

నికోలస్ బంధువు డేనియల్ బెర్నూలీ 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ సంపుటిలో మరో దారి చూపాడు. పందానికి ఆ ఊరి పేరు వచ్చింది అందుకే. రాబడిని విడిగా కాకుండా, ఆట ముగిశాక మిగిలే మొత్తం ఆస్తి లాగరిథమ్‌ను (ఆస్తి రెట్టింపైన ప్రతిసారీ ఒకే మేర పెరిగే కొలత; తృప్తికి గుర్తు) సంభావ్యతలతో సగటు చేయాలన్నాడు. ఆయన ఉదాహరణ నేటికీ పనికొస్తుంది. 10,000 రూబుళ్ల సరుకు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఓడలో వస్తోంది. వందలో 5 ఓడలు మునుగుతాయి. బీమా 800 రూబుళ్లు. సగటు నష్టం 500 మాత్రమే కనుక బీమా దండగ అనిపిస్తుంది. లాగరిథమ్ లెక్కలో మాత్రం, సరుకు కాక మిగతా ఆస్తి 5,043 కంటే తక్కువున్న వర్తకుడు బీమా చేయించాల్సిందే. ఆ బీమా ఇచ్చేవాడికి కనీసం 14,243 ఉండాలి. ఒకే బేరం ఇద్దరికీ లాభమయ్యేది ఈ తేడా వల్లే.

అయితే చెల్లింపులను రెట్టింపు కంటే ఇంకా వేగంగా పెంచితే లాగరిథమ్ సగటు కూడా అంతులేకుండా పోతుంది. 1934లో గణితజ్ఞుడు కార్ల్ మెంగర్ ఈ లోపాన్ని బయటపెట్టాడు. తృప్తికి పైహద్దు లేని ఏ కొలతనైనా దెబ్బతీసే ఆటను తయారుచేయవచ్చు. క్రామర్ పెట్టిన లాంటి హద్దు లేకుండా ఆ చిక్కు వీడదు.