కార్డు మీద ఒక్క అక్షరం

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాహ్ట్ కాలువ ఒడ్డున 263 నంబరు భవనం వెనుక భాగంలో, ఒక గోడ మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. పిల్లలు ఎంత పొడుగయ్యారో చూసుకుంటూ గీసినవి. ఆ గీతల ప్రకారం, నాజీల నుంచి కుటుంబంతో అక్కడ దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్, ఆ రెండేళ్లలో 13 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. ఆ రెండేళ్లూ ఆ పిల్ల వీధిలో కాలు పెట్టలేదు.

ఆన్ 1929 జూన్ 12న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి ఓటో ఫ్రాంక్ మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యంలో పోరాడినవారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కగానే ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరి, జామ్ తయారీలో వాడే పెక్టిన్ వ్యాపారం మొదలుపెట్టారు. 1938లో అమెరికా వీసాకు దరఖాస్తు చేశారు. 1940 మేలో జర్మనీ నెదర్లాండ్స్ మీద దాడి చేసినప్పుడు, రాటర్‌డామ్‌పై పడిన బాంబులకు అక్కడి అమెరికా కాన్సులేట్‌లోని ఆ కాగితాలు కూడా నాశనమయ్యాయి. 1941లో మళ్లీ ప్రయత్నించారు. ఆ వేసవిలో ఆక్రమిత ప్రాంతాల్లోని అమెరికా కాన్సులేట్లే మూతపడ్డాయి.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసేది పేర్ల నమోదు. డచ్చి (నెదర్లాండ్స్) జనాభా రిజిస్టర్లలో ప్రతి మనిషి పేరు, చిరునామా, మతం యుద్ధానికి ముందు నుంచే పద్ధతిగా రాసి ఉండేవి. 1941 జనవరిలో యూదులంతా ప్రత్యేకంగా నమోదు కావాలన్న ఉత్తర్వు వచ్చింది. దాదాపు అందరూ వెళ్లి చేయించుకున్నారు. గుర్తింపు కార్డుకు రూపకల్పన చేసింది యాకోబ్ లెంట్స్ అనే డచ్చి అధికారి. దానికి నకిలీ తయారుచేయడం చాలా కష్టం. యూదుల కార్డుల మీద ‘యూదు’ అనే డచ్చి మాటకు మొదటి అక్షరమైన పెద్ద ‘జె’ ముద్రించేవారు. ఇక ఎవరిని ఎక్కడ పట్టుకోవాలో వెతికే పనే లేకపోయింది. 1943 మార్చి 27న ప్రతిఘటన దళం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ల కార్యాలయానికి నిప్పు పెట్టింది. వారిలో 12 మందిని కాల్చి చంపారు. కార్డుల్లో కొంత భాగమే కాలింది.

1942 జులై 5న, జర్మనీలో పని శిబిరానికి రమ్మనే పిలుపు కాగితం వచ్చింది ఆన్ అక్క మార్గోట్‌కు. ఆమెకు పదహారేళ్లు. మర్నాడు ఉదయమే కుటుంబం వానలో నడిచి, 263 నంబరు భవనం వెనుక భాగంలోని రహస్య స్థావరానికి చేరింది. పెట్టె పట్టుకుంటే అనుమానం వస్తుందని బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నారు. తర్వాత మరో నలుగురు చేరారు. ఓటో ఆఫీసు ఉద్యోగులే ప్రాణాలకు తెగించి వారికి తిండి చేరవేశారు.

1944 ఆగస్టు 4న ఎనిమిది మందీ పట్టుబడ్డారు. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి ఆక్రమిత పోలండ్‌లోని ఆష్విట్జ్ మరణ శిబిరానికి, అక్కడి నుంచి అక్కాచెల్లెళ్లను జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి తరలించారు. 1945 తొలి నెలల్లో టైఫస్ జ్వరంతో ఇద్దరూ చనిపోయారు. ఆన్‌కు పదిహేనేళ్లు. ఏప్రిల్ 15న ఆ శిబిరం విముక్తమైంది. నెదర్లాండ్స్‌లోని సుమారు 1,40,000 మంది యూదుల్లో దాదాపు 1,02,000 మంది హతమయ్యారు. ఫ్రాన్స్‌లో నలుగురిలో ఒకరు పోతే, ఇక్కడ ముగ్గురు పోయారు.

ఎనిమిది మందిలో ఓటో ఒక్కరే తిరిగొచ్చారు. కూతుళ్లు లేరని రూఢి అయ్యాక, ఆఫీసు ఉద్యోగిని మీప్ గీస్ తాను దాచి ఉంచిన ఆన్ డైరీ నోటుబుక్కులు, విడి కాగితాలు ఆయన చేతిలో పెట్టారు. ఆమె అప్పటిదాకా వాటిని చదవలేదు. చదివి ఉంటే తగలబెట్టేదాన్నని, సాయం చేసినవాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయని తర్వాత చెప్పారు.