మాత్రలోనే పుట్టే విషం

అమెరికాలో ఆపేసిన రానిటిడిన్ అనే ఎసిడిటీ మాత్ర మా వీధి మందుల షాపులో అడగ్గానే ఎలా ఇస్తున్నారని గుంటూరు పాఠకురాలు ఒకరు అడిగారు. మన దగ్గర 2022 సెప్టెంబర్‌లో దాన్ని అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తీసేశారు కానీ అమ్మకాన్ని నిషేధించలేదు. అందుకే దొరుకుతోంది.

నన్ను ఆకట్టుకున్నది ఇందులోని కెమిస్ట్రీ. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం కనపడింది. అది తయారీలో వచ్చిన లోపం. మరుసటి ఏడాది అదే పదార్థం రానిటిడిన్‌లో బయటపడితే ఇదీ ఫ్యాక్టరీ తప్పేనేమో అనిపించింది. కాదు, లోపం అణువులోనే ఉంది.

అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, ఎర్ర భాస్వరం పెట్టె పక్కన గీతలో ఉంటుంది. రెండూ విడిగా ఉన్నంతకాలం భయం లేదు. రానిటిడిన్‌లో ఆ రెండూ ఒకే పుల్లకు రెండు కొసల్లో ఉన్నట్టు లెక్క. ఒక కొసన డైమిథైల్ ఎమీన్ భాగం, ఇంకో కొసన నైట్రో సమూహం. పుల్ల తన రెండో కొసను తానే రాసుకోలేదు, కానీ పెట్టె నిండా ఇలాంటి పుల్లలే ఉంటే ఒకదాని తల పక్కదాని తోకకు తగులుతుంది. మాత్రలోనూ అంతే. వేడికి, తేమకి ఒక అణువులోని నైట్రో కొస నుంచి నైట్రైట్ వస్తుంది, అది పక్క అణువు వదిలిన డైమిథైల్ ఎమీన్‌తో కలిసి ఎన్‌డీఎంఏ అవుతుంది. ఎమీన్ల పాఠంలో బట్టీ పట్టించే సమీకరణం ఇదే. పిల్లలకు ఈ మాత్ర కథతో చెబితే జన్మలో మరిచిపోరు!

అగ్గి ఒక్కసారిగా అంటుకుంటుంది, ఇది మాత్రం నెలల తరబడి కొద్దికొద్దిగా పోగవుతుంది. మామూలు ఉష్ణోగ్రతలోనే పెరుగుతుందని, వేడి ఎక్కువైతే బాగా పెరుగుతుందని తేలాక అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్ 1న మొత్తం సరుకును వెనక్కి తీసుకోమంది. ఒంట్లోకి వెళ్లే ఎన్‌డీఎంఏ రోజుకు 96 నానోగ్రాములు (గ్రాములో వందకోట్ల వంతు ఒక నానోగ్రాము) దాటకూడదన్నది వాళ్ల పరిమితి. విజయవాడ ఎండాకాలంలో 45 డిగ్రీల్లో ఏసీ లేని గోడౌన్లు, డెలివరీ ఆటోలు తలుచుకుంటే నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

అయితే మింగిన ప్రతివాళ్లకూ క్యాన్సర్ వస్తుందని భయపడక్కర్లేదు. 2021లో 18 మంది ఆరోగ్యవంతులకు మందు ఇచ్చి చూస్తే మూత్రంలో ఎన్‌డీఎంఏ పెరగలేదు. అంటే అసలు చిక్కు నిల్వలోనే. ఎసిడిటీకే వాడే వేరే మందులు ఫామోటిడిన్‌లో, ఒమెప్రజోల్‌లో ఎఫ్‌డీఏ పరీక్షల్లో ఎన్‌డీఎంఏ కనపడలేదు. రానిటిడిన్ రోజూ వాడేవాళ్లు వీటిలో తమకు ఏది సరిపోతుందో డాక్టరుని అడిగి మార్చుకోండి, స్కూటీ డిక్కీలో పడి ఉన్న పాత స్ట్రిప్పును మాత్రం ఈరోజే పారేయండి.