బూడిద రంగులో వెళ్లిన బస్సు: బీటిల్స్ 'మాజికల్ మిస్టరీ టూర్' వెనక కథ

మీ టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కలర్‌ని సున్నాకి దించి, బీటిల్స్ నలుగురూ తీసి నటించిన టీవీ సినిమా 'మాజికల్ మిస్టరీ టూర్'లో 'ఫ్లయింగ్' పాట వచ్చే చోటు చూడండి. నేను చూశాను. పాటలో మాటలుండవు, వాద్యాలూ కాస్త ఆలాపనా అంతే. తెరమీద మనుషులూ ఉండరు. విమానంలోంచి తీసిన మబ్బులు, కింద నేల. రంగు తీసేస్తే మిగిలేది బూడిద మబ్బు, తర్వాత ఇంకో బూడిద మబ్బు. ఏం జరుగుతోందో తెలియదు, ఎందుకు చూస్తున్నామో కూడా తెలియదు. కలర్ మళ్లీ పెంచగానే అవే మబ్బులు, అదే నేల క్షణానికో రంగు మారుతూ పోతాయి. అక్కడ కథ ఆ రంగే. రంగు మారడమే దృశ్యం.

1967 డిసెంబర్ 26 రాత్రి బ్రిటన్‌లో కోటి మందికి పైగా చూసింది ఆ మొదటి రకం మబ్బుల్నే. తెల్లారేసరికి పత్రికలు సినిమా చెత్త అని తీర్పు చెప్పేశాయి. ఆ తీర్పు నలభై ఐదేళ్లు నిలబడింది. 2012 అక్టోబర్ 8న బ్రిటన్‌లో, మర్నాడు అమెరికాలో రీమాస్టర్ చేసిన డీవీడీ, బ్లూరే వచ్చినప్పుడు చాలామంది దాన్ని అభిమానుల అల్మరాలోకి చేరే మరో డబ్బాగానే చూశారు. నాకు మాత్రం అది సాక్ష్యం చూడకుండా కొట్టేసిన కేసు మళ్లీ విచారణకు వచ్చినట్టు అనిపించింది. అందుకే ఈ వెనక కథంతా చెప్పడం.

ఆలోచన నలుగురు బీటిల్స్‌లో ఒకడైన పాల్ మెకార్ట్‌నీది. 1967 ఏప్రిల్‌లో అమెరికా నుంచి తిరిగొస్తూ విమానంలోనే కాగితం మీద పెట్టాడు. ఇంగ్లండ్‌లో అప్పట్లో మిస్టరీ టూర్లు నడిచేవి. టికెట్ కొనుక్కుని బస్సెక్కుతారు, ఎక్కడికి తీసుకెళ్తారో మాత్రం చెప్పరు. సముద్రతీరమో, దీపాలంకరణ చేసిన ఊరో చూపించి సాయంత్రానికి ఇంటికి చేరుస్తారు. పాల్ చిన్నప్పటి ఆ సరదాకి, అమెరికాలో రచయిత కెన్ కీసీ బృందం రంగులేసిన బస్సులో దేశం చుట్టిన కబుర్లు తోడయ్యాయి. స్క్రిప్ట్ అన్నమాటే లేదు. ఒక వృత్తం గీసి, దాన్ని ముక్కలుగా కోసి, ఇక్కడో పాట, అక్కడో కల, ఇంకోచోట బస్సు అని రాసుకున్నారు. ఏప్రిల్ 25న టైటిల్ పాట రికార్డింగ్ మొదలై, తర్వాత అది పక్కన పడింది.

ఆగస్టు 27న వాళ్ల మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ చనిపోయాడు. ముప్పై రెండేళ్ల వయసు. కబురు అందేటప్పటికి నలుగురూ వేల్స్‌లోని బ్యాంగర్‌లో మహర్షి మహేశ్ యోగి దగ్గర ఉన్నారు. ఈ కథలో అసలు మలుపు నా లెక్కలో అదే. హోటల్ గదుల దగ్గర్నుంచి ఒప్పందాల దాకా, ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో చూసుకున్నది అప్పటిదాకా ఎప్‌స్టీనే. ఆయన పోయిన కొద్ది రోజులకే నలుగురూ పాల్ ఇంట్లో కూర్చుని, భారతదేశ ప్రయాణం తర్వాత, ముందు ఈ సినిమా అనుకున్నారు. (ఋషికేశ్ వెళ్లింది 1968 ఫిబ్రవరిలో.) ఇంటి పెద్ద పోయిన వారానికే పెళ్లి పనులు నెత్తినేసుకున్నట్టుంది ఆ నిర్ణయం. ఆగిపోతే విడిపోతామన్న భయం దాని వెనక ఉందని నేను నమ్ముతాను. సినిమా చూస్తుంటే ఆ తొందర, ఆ ఖాళీ రెండూ కనపడతాయి.

సెప్టెంబర్ 11న లండన్ ఆల్సప్ ప్లేస్ నుంచి పసుపు, నీలం రంగుల బెడ్‌ఫర్డ్ బస్సు నైరుతి ఇంగ్లండ్ వైపు బయల్దేరింది. లోపల నటులు, మిత్రులు, కెమెరా మనుషులు. వెనకాల పత్రికల కార్ల వరస. డార్ట్‌మూర్ దగ్గర ఒక ఇరుకు వంతెన మీద బస్సు ఇరుక్కుపోయింది. వెనక్కి తీయడానికి వెనకున్న బళ్లన్నీ కదలాలి. వెళ్లాలనుకున్న తిరునాళ్లకి వెళ్లలేకపోయారు. కోపంతో నలుగురిలో ఒకడైన జాన్ లెనన్ బస్సుకి అంటించిన పోస్టర్లు పీకి పారేశాడు. తర్వాత లోపలి దృశ్యాలు తీద్దామంటే షెపర్టన్ స్టూడియో దొరకలేదు, ముందుగా బుక్ చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చివరికి కెంట్‌లో వెస్ట్ మాలింగ్ అనే వైమానిక స్థావరం చూసుకున్నారు.

ఆ అవాంతరమే మేలు చేసింది. 'ఐ యామ్ ద వాల్రస్' తీసింది అక్కడే. యుద్ధకాలంలో బాంబు దెబ్బ ఆపడానికి కట్టిన కాంక్రీటు గోడలు, వాటి మీద చేతులు పట్టుకుని ఊగుతున్న పోలీసులు, తెల్ల పియానో ముందు జాన్. ఏ స్టూడియో సెట్టూ ఇవ్వలేని మొరటుతనం ఆ గోడల్లో ఉంది. జాన్ ఆ పాట పాడుతూ కెమెరాకి కనిపించేది కూడా ఆ ఒక్క చోటే.

పది గంటల పైచిలుకు ఫిల్మ్ పోగైంది. ఎడిటింగ్‌కి వారమో రెండు వారాలో చాలనుకుంటే లండన్ సోహోలోని ఓ చిన్న గదిలో పదకొండు వారాలు పట్టింది. కొండ మీద పాల్ ఒంటరిగా తిరిగే పాట కోసం మధ్యలో ఫ్రాన్స్‌లోని నీస్ దాకా వెళ్లొచ్చారు. చివరికి తేలింది 50 నిమిషాల చిల్లర.

ఇక ప్రసారం. బీబీసీ వన్, క్రిస్మస్ మర్నాడు, రాత్రి 8.35కి. దాని వెనకాలే నార్మన్ విజ్‌డమ్ కామెడీ సినిమా. పండగ భోజనాలు అయ్యి, తాతయ్య నుంచి మనవడి దాకా ఒకే గదిలో టీవీ ముందు కూర్చునే వేళ. ఆ ఛానెల్ అప్పటికి నలుపు తెలుపు మాత్రమే, అదీ 405 లైన్ల బొమ్మ. ఈనాటి బ్లూరే బొమ్మకి 1080 లైన్లు ఉంటాయి. బ్రిటన్‌లో కలర్ మొదలైంది ఆ ఏడాదే, అదీ బీబీసీ టూలో. బీబీసీ వన్‌కి రంగు రావడానికి 1969 నవంబర్ దాకా ఆగాలి. మనకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు. 1982 ఏషియాడ్ ఏడు కలర్ వచ్చిందని చెప్పుకున్న ఇళ్లలో కూడా, తర్వాత చాన్నాళ్లు తిరిగింది నలుపు తెలుపు సెట్టే. 1968 జనవరి 5న బీబీసీ టూ ఇదే సినిమాని రంగుల్లో వేసింది. కానీ కలర్ సెట్టున్న ఇళ్లు ఎన్ని? పైగా పాత సెట్లకి ఆ ఛానెలే అందదు. అప్పటికే అంతా అయిపోయింది కూడా.

డైలీ ఎక్స్‌ప్రెస్ దాన్ని పచ్చి చెత్త అన్నట్టు రాసింది. మిగతావీ అదే దారి. పాల్ మర్నాడే డేవిడ్ ఫ్రాస్ట్ టీవీ కార్యక్రమంలో కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. అంతవరకు పట్టిందల్లా బంగారమైన బృందానికి అది మొదటి పెద్ద దెబ్బ. అమెరికాలో అప్పట్లో ఏ పెద్ద టీవీ సంస్థా దీన్ని వేయలేదు. అక్కడ థియేటర్లకి చేరేసరికి 1974 అయింది.

తప్పంతా నలుపు తెలుపుదే అనను. జాన్ వెయిటర్ వేషంలో పారతో స్పఘెటీ ఎత్తి లావుపాటి ఆంట్ జెస్సీ పాత్ర ముందున్న బల్ల మీద పోస్తూ ఉంటాడు. జాన్‌కి వచ్చిన కల అది. రంగుల్లో చూసినా ఆ రోజు భోజనం చేసి కూర్చున్న కుటుంబానికి అది నచ్చి ఉండేది కాదు. అక్కడక్కడా సాగతీత ఉంది, జోకులు పేలవు. కానీ వెగటు పుట్టించడం వేరు, అర్థం కాకపోవడం వేరు. రంగు లేకపోవడం వల్ల జరిగింది రెండోది. తీసినవాళ్లు దేన్ని భాషగా వాడారో అది ప్రేక్షకుడి దాకా చేరనే లేదు.

పాటలకి మాత్రం ఏమీ కాలేదు. ఆరు పాటలు రెండు చిన్న రికార్డుల మీద బ్రిటన్‌లో డిసెంబర్ 8నే వచ్చాయి. అవి రెండో స్థానంలో ఆగితే, మొదటి స్థానంలో ఉన్నది కూడా బీటిల్స్ సింగిలే, 'హలో గుడ్‌బై'. అమెరికాలో వాటికి ఆ ఏటి సింగిల్స్ కలిపి ఎల్పీగా, అంటే పెద్ద రికార్డుగా వేస్తే ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. సినిమా మాత్రం అరిగిన ప్రింట్ల మీద, 1980ల చివర వీహెచ్ఎస్ మీద, 1997లో డీవీడీ మీద అలా అలా బతికింది. రంగులు వెలిసిపోయి, గీతలు పడి. చూసినవాళ్లు పత్రికలన్నది నిజమే అనుకోవడానికి ఆ ప్రింట్లే చాలు.

అసలు ఇబ్బంది ఫిల్మ్‌లోనే ఉంది. దీన్ని తీసింది 16 ఎంఎం వెడల్పు ఫిల్మ్ మీద. మామూలు సినిమాల 35 ఎంఎం ఫ్రేముతో పోలిస్తే అందులో నాలుగో వంతు కూడా ఉండదు. దుమ్ము కణం పడినా, చిన్న గీత పడినా తెర మీద పెద్దగా కనబడుతుంది. 2012 విడుదల కోసం దాన్ని బాగుచేసే పని అప్పగించింది పాల్ రుటాన్ జూనియర్‌కి. అదే ఏడాది బీటిల్స్ కార్టూన్ సినిమా 'యెల్లో సబ్‌మరీన్'ని ఫ్రేము ఫ్రేముకీ చేత్తో శుభ్రం చేసిన మనిషి. ఇక్కడ నాకు నచ్చింది, మరీ నున్నగా చేయకపోవడం. 16 ఎంఎంకి సహజంగా ఉండే గరుకు అలాగే ఉంది. బస్సు పసుపు మాత్రం పసుపులా ఉంది.

ధ్వనిని ఆబీ రోడ్ స్టూడియోలో జైల్స్ మార్టిన్, శామ్ ఒకెల్ కొత్తగా మిక్స్ చేశారు. జైల్స్ తండ్రి జార్జ్ మార్టినే ఆ పాటల అసలు నిర్మాత. ఈ పనిలో 'వాల్రస్' కథ చెప్పుకోవాలి. 1967 సెప్టెంబర్ 29న ఆ పాటని మోనోలో, అంటే ధ్వనంతా ఒకే ఛానెల్‌లో వచ్చేలా మిక్స్ చేస్తూ ఒక రేడియో తెచ్చి కలిపారు. బీబీసీలో అప్పుడు షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకం వస్తోంది. ఆ మాటలు సరాసరి మిక్స్‌లో పడ్డాయి, విడి టేపు మీద లేవు. అందుకే పాత స్టీరియో రికార్డులో పాట సగం దాటాక స్టీరియో (రెండు ఛానెళ్ల ధ్వని) కాస్తా ఉత్తుత్తి స్టీరియో అయిపోతుంది. అలాంటి పాటని గది చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచాలంటే ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు.

డిస్క్‌లో తీసేసిన దృశ్యాలున్నాయి: ఐవర్ కట్లర్ పాట, హాస్యనటుడు నాట్ జాక్లీ మీద జాన్ తీసిన ముక్క, ట్రాఫిక్ అనే మరో బృందం పాట. సినిమా అంతటికీ పాల్ వ్యాఖ్యానం ఉంది. బీబీసీ 'ఆరీనా' కార్యక్రమం ఈ సినిమా మీద డిస్క్ వచ్చిన రోజుల్లోనే డాక్యుమెంటరీ వేసింది, దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ అందులో మాట్లాడాడు.

నేను రెండుసార్లు ఆపి చూసింది మాత్రం చివర్లో వచ్చే పాట, 'యువర్ మదర్ షుడ్ నో'. తెల్ల సూట్లు వేసుకుని నలుగురూ మెట్లు దిగుతారు. ముగ్గురి కోటు మీద ఎర్ర కార్నేషన్ పువ్వు. పాల్ కోటు మీద నల్లది. 1969లో పాల్ చచ్చిపోయాడన్న పుకారు లేచినప్పుడు జనం దీన్నే సాక్ష్యంగా చూపించారు. నలుపు తెలుపులో ఎరుపు కూడా ముదురు బూడిదే కాబట్టి, మొదటి రాత్రి చూసినవాళ్లకి నాలుగు పువ్వులూ దాదాపు ఒకేలా కనపడి ఉంటాయి. కలర్ సున్నాకి దించి చూస్తే నాకూ అంతే. పెంచితే ఆ నల్ల పువ్వు మొదటి మెట్టు మీదే తెలిసిపోయింది. ఎర్ర పువ్వులు తక్కువపడ్డాయి, అంతే అన్నాడు పాల్.