వాసన రాలేదని ధీమాగా ఉండొద్దు

చలి మొదలైందంటే నా ఫోన్ ఆగదు. హన్మకొండ, కాజీపేట, అటు నర్సంపేట దాకా ఒకటే ప్రశ్న: "అన్నా, గీజర్ బాత్రూంలనే పెట్టొచ్చా? సిలిండర్ బయటనే ఉంటది గదా." ఇరవై ఏళ్ల నుంచి గ్యాస్ గీజర్లు బిగిస్తున్నాను, జవాబు మారలేదు. వద్దు.

అపోహ: గ్యాస్ లీకైతేనే ప్రమాదం, వాసన రాకుంటే భయం లేదు.

వాస్తవం: ఆ కుళ్లు వాసన కాలని గ్యాస్‌ది. లీక్ తెలియాలని కలిపే మెర్‌కాప్టన్ అది, మంటలో కాలిపోతుంది. గాలి చాలక సగం సగం కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

లెక్క చూడండి. కిలో ఎల్పీజీ కాలడానికి దాదాపు 12 ఘనమీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల గీజర్ ఫుల్లుగా పెడితే గంటకు కిలో అటూఇటూగా కాలుస్తుంది. 5×7 అడుగుల బాత్రూం, ఎత్తు 8 అడుగులనుకుంటే, అందులో ఉన్న గాలే 8 ఘనమీటర్లు. పావుగంట స్నానానికి అందులో 3 ఘనమీటర్ల గాలి మంటకే పోతుంది. అంతదాకా కూడా అక్కర్లేదు, ఆక్సిజన్ కొద్దిగా తగ్గగానే మంట చెడి విషం పుట్టడం మొదలవుతుంది.

రెండేళ్ల కింద హన్మకొండలో ఒక ఇంట్లో కోడలు బాత్రూంలో రెండుసార్లు పడిపోయింది. గాలి సోకిందని అత్త తాయెత్తు కట్టించింది. పోయి చూస్తే, కోతులు జొరబడుతున్నాయని వెంటిలేటర్‌కు ప్లైవుడ్ కొట్టి ఉంది. "అమ్మా, గాలి సోకుడు కాదు, అసలు లోపలికి గాలే సోకుతలేదు" అన్నాను. ఆమె నవ్వలేదు, కొంగుతో కండ్లు తుడుచుకుంది. తప్పు ఆమెది కాదు. గీజర్ లోపల బిగించి పైసలు తీసుకుపోయినోనిది. కోతులకు ఇనుప జాలీ చాలు. గీజర్‌ను బయటి గోడకు మార్చి, వేడినీళ్ల పైపొక్కటే లోపలికిచ్చాను.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది గదా" అంటారు. లోపలికి గాలొచ్చే దారి లేకుంటే ఫ్యాన్ దేన్ని గుంజాలి? పొగగొట్టం ఉన్న గీజరైతే ఆ పొగనే వెనక్కి లాగుతుంది. "ఐఎస్ఐ ముద్ర ఉంది" అంటారు. ముద్ర గీజర్‌కు, మీ బాత్రూంకు కాదు. మంట పసుపుగా మారినా, మసి పట్టినా ఆపేయాలి. నీలంగా ఉన్నంత మాత్రాన గాలి సరిపోతున్నట్టూ కాదు. వంటింటికి కిందొకటి, పైనొకటి దారి ఉండాలి: లీకైన ఎల్పీజీ బరువు, కిందికి చేరుతుంది. కాలిన వేడిగాలి పైకి పోతుంది.

ఇప్పటికే లోపల పెట్టుకున్నవాళ్లు గాభరా పడొద్దు. మార్పించేదాకా దాన్ని ముట్టకుండా పొయ్యి మీద నీళ్లు కాచుకోండి. స్నానంలో తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుంటే గీజర్ ఆపి, తలుపు తీసి బయటి గాలికి రండి. మనిషి పడిపోతే బయటికి తెచ్చి 108కు ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపిందని ఊరుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కేస్తుంది. లోపల గ్యాస్ గీజర్ నడిచిందని డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయన అడిగేదాకా ఆగొద్దు.